వదిలేసిన గడి

సమ్మె తప్పి ఓడెక్కినవాణ్ని గ్యాంగు కొట్టేటప్పుడు మొదటి దెబ్బ వాడి జోడీది. రెండోది సర్దారుది. ఆ తరవాత ఎవడెక్కడ నిలబడితే ఆ వరసన. మనిషికి ఒక్కటే దెబ్బ. ఎక్కువ వెయ్యకూడదు, తప్పించుకోనూ కూడదు. రేపు పోలీసులొచ్చి అడిగితే సాక్ష్యం చెప్పడానికి రక్తం అంటని చెయ్యి ఒక్కటి కూడా మిగలకూడదు. ఖిదిర్‌పూర్ రేవులో సర్దారు అప్పలసూరి గ్యాంగులో పన్నెండుమందీ శ్రీకాకుళంవాళ్ళే. వాళ్ళ తండ్రుల కాలం నించీ అదే కట్టుబాటు.

సోమవారం పొద్దున్న, షెడ్డు వెనక తడిసిన గోనెసంచుల గుట్టల మధ్య అప్పలసూరి కాగితం విప్పాడు. రెండంచులా చిల్లులున్న పొడుగుపాటి కాగితం. యూనియన్ ఆఫీసులో కొత్తగా పెట్టిన కంప్యూటర్ నించి వచ్చింది. గురువారం సమ్మెనాడు దొంగచాటుగా పని చేసినవాళ్ళ పేర్లున్నాయి అందులో. వేరే గ్యాంగులవి నాలుగు పేర్లు. తమ గ్యాంగుది ఒక్కటే.

"నాలుగొందల పన్నెండు. కూర్మయ్య," అని చదివాడు అప్పలసూరి.

గవరయ్య నాలుగు రోజులుగా బిగబట్టిన ఊపిరి వదిలాడు.

గురువారం ఓడెక్కినవాడు తను. వెలుగు రాకముందే నదివైపు మెట్ల దగ్గర పడవ కట్టించుకుని, ఓడ వెనకవైపు నించి పైకి పాకాడు. "నువ్వు రాకపోతే నీ వించి మీద కొత్తవాణ్ని కూర్చోబెడతాను, వాడిక దిగడు" అని ఫోర్‌మన్ ముందురోజు కబురంపాడు. ఇరవై రెండేళ్ళుగా సరుకు లేపే ఆ వించి పిడి మీద తన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు. మధ్యాహ్నం దాకా పని చేసి, టైమ్‌కీపర్ దగ్గర సంతకం పెట్టి, వచ్చిన దారినే దిగి వెళ్ళిపోయాడు. పెళ్ళాం నారాయణమ్మకు కూడా చెప్పలేదు. పట్టుబడితే వించి పోతుంది, యూనియన్ ఇచ్చిన గది పోతుంది. ఎముకలు మిగిలితే అదే గొప్ప.

కాగితం మీద తన పేరెందుకు లేదో గవరయ్య ఆలోచించలేదు. లేదు, అంతే చాలు.

"నానా?" అన్నాడు కూర్మయ్య. ముందు నవ్వొచ్చింది అతనికి. "సూరన్నా, ఆ దినం నాకు జొరం. దుప్పటి కప్పుకుని తొంగున్నాను. మా తవిటిని అడగండి."

"పెళ్ళాం సాచ్చికం సెల్లదురా. కంప్యూటరు అబద్దం ఆడదు."

"అది సెప్తే నానేటి సెప్పగలను? నాను మాత్రం ఎల్లనేదు. ఎల్లినోడెవుడో..." అంటూ కూర్మయ్య తన జోడీ గవరయ్య వైపు తిరిగాడు. "బావా, నువ్వు..."

వించి దగ్గర కూర్చున్నవాడికి ఓడ కడుపు కనిపించదు. దాని నోటి దగ్గర, హాచీ అంచున నిలబడ్డ జోడీ చెయ్యి ఒక్కటే కనిపిస్తుంది. అరచెయ్యి పైకి తిప్పి "హాఫీస్!" అంటే సరుకు లేపాలి. కిందికి తిప్పి "ఆరియా!" అంటే దింపాలి. కూర్మయ్య కుడిచెయ్యి చెప్పినట్టు గవరయ్య ఎడమచెయ్యి పద్దెనిమిదేళ్ళుగా నడిచింది. ఒక్క మనిషి కాలు నలగలేదు.

జోడీ వేసే మొదటి దెబ్బ వీపు మీద వెయ్యాలి. అదొక మర్యాద. గవరయ్య సంచులు లాగే కొక్కెం తిప్పి పట్టుకుని, దాని కర్రపిడితో నోటి మీద కొట్టాడు.

కూర్మయ్య మోకాళ్ళ మీద కూలబడ్డాడు. నోట్లోంచి మాట బదులు ఎర్రటి బుడగ వచ్చింది. చేతులు అడ్డం పెట్టుకున్నాడు. హాచీ మూతలు లేపే ఇనుపకడ్డీతో అప్పలసూరి ఆ అడ్డం పెట్టిన చెయ్యి మీదే వేశాడు. మోచెయ్యి పచ్చి వెదురు విరిగినట్టు విరిగింది. మూడోవాడు డొక్కలో తన్నాడు. నాలుగోవాడు ఏడుస్తూ కొట్టాడు. తొమ్మిదో దెబ్బకి కూర్మయ్య అరవడం మానేశాడు. పదకొండోవాడు ఇంక కొట్టడానికి చోటెక్కడుందా అని చూసి, పాదం మీద ఒకటి వేసి వెనక్కి జరిగాడు.

"సాలు," అన్నాడు అప్పలసూరి. "శుక్రారం ఆఫీసులో ఈడి కొక్కెం ఇరిసేద్దాం."

కొక్కెం విరిచిన మనిషికి ఆ రేవులో ఇక పని లేదు. నెల తిరిగేలోగా గది కూడా ఖాళీ చెయ్యాలి.

గవరయ్య కుళాయి దగ్గరికి వెళ్ళి తన కొక్కెం కడిగాడు. పిడి కర్రలో తెల్లగా ఏదో గుచ్చుకుని ఉంది. గోటితో గీకాడు. రాలేదు. మేకుతో పొడిచి తీశాడు. పంటిముక్క.

*

మంగళవారం హాచీ అంచున వేరేవాణ్ని నిలబెట్టారు. వాడి చెయ్యి ఎప్పుడు తిరుగుతుందో గవరయ్యకు అంతుపట్టలేదు. మొదటి లేపులోనే ఆరు సంచులు హాచీ అంచుకు కొట్టుకుని పగిలాయి. గోధుమలు కిందివాళ్ళ నెత్తిన వానలా పడ్డాయి. "కళ్ళు ఇంటికాడ పెట్టొచ్చినావేటి?" అని లోపలినించి బూతులు తిట్టారు. సాయంత్రం దాకా గవరయ్య ఒక్కో లేపూ ఆగి ఆగి దింపాడు.

బుధవారం చీకటి పడుతుండగా కూతురు సింహాచలమ్మ క్లాసు నించి వచ్చింది. ఖిదిర్‌పూర్ మోడ్ కూడలి దగ్గర మేడమీది గదిలో కంప్యూటర్ నేర్చుకుంటోంది. ఆ రేవు వాడలో కీబోర్డు ముట్టుకున్న మొదటి ఆడపిల్ల. యూనియన్ సెక్రటరీ బిమల్‌దా సమ్మెనాటి పేర్ల పట్టీ తయారు చేసే పని పిలిచి మరీ ఆమెకు అప్పగించాడు. ఆ వారమంతా గవరయ్య టీకొట్టు దగ్గర ఆ మాటే చెప్పుకున్నాడు.

ఆమె అన్నం ముందు కూర్చుని కలపలేదు.

"ఏటే, తినవా?" అంది నారాయణమ్మ.

"నాన్నా," అంది సింహాచలమ్మ. "కూర్మయ్య మావ సమ్మెనాడు ఎల్లనేదు."

గవరయ్య చెయ్యి కంచంలో ఆగింది.

"ఎవులు సెప్పినారు?"

"ఎవులూ సెప్పనేదు. ఆ పట్టీ తప్పు. నా తప్పు. ఆ పోగ్రాము రాసింది నానే కదా."

గవరయ్య లేచి తలుపు మూశాడు. తిరిగొచ్చి కూతురి జడ పట్టుకుని తల గోడకి అదిమాడు. కంచం దొర్లిపోయింది. "ఎవులితో అన్నావే ఈ మాట? బిమల్‌దాకి సెప్పినావా? నోరిప్పితే పీక నులిమేస్తాను."

"ఓరి నాయినో, పిల్లని సంపేస్తావేటి!" అంటూ నారాయణమ్మ అతని చెయ్యి కొరికింది. వదిలాడు.

సింహాచలమ్మ ఏడవలేదు. జడ సర్దుకోలేదు. గోడకి ఆనుకునే చెప్పింది.

"ఒక్కో మనిషికీ మెషీన్లో ఒక్కో కార్డు లాంటిది పుడతాది నాన్నా. దాని అచ్చుని క్లాసు అంటారు. అచ్చు ఒకటే, కార్డులు ఎన్నయినా పుడతాయి. కార్డు పుట్టగానే తనంతట తానే నడిచే ముక్క ఒకటుంటాది. కన్‌స్ట్రక్టర్ అంటారు. దాన్ని ఎవులూ పిలవక్కర్నేదు, పుడితే నడుస్తాది. ఏ గడిలో ఏటుండాలో పుట్టినప్పుడే అది నింపాల. నాను పేరు నింపించినాను, టోకెన్ నెంబరు నింపించినాను. సమ్మెనాటి హాజరీ గడి వొగ్గేసినాను."

"ఎందుకు వొగ్గీసినావు?"

"తరవాత హాజరీ సీటీలు సూసి నింపుదామని. గేటు కాడ జెండా పట్టుకున్నోడి సీటీ ఉంటే సున్నా. ఓడెక్కినోడి సీటీ టైమ్‌కీపర్ కాడుంటే ఒకటి. అందరికీ ఏదో ఒక సీటీ ఉంటాదనుకున్నాను. మావకి ఏ సీటీ నేదు. జొరంతో ఇంట్లో ఉన్నాడు."

"నేకపోతే కాళీగా ఉండాల."

"నానూ అలగే అనుకున్నాను. ఈయాల క్లాసులో మాస్టారు బోర్డు మీద రాసి మరీ సెప్పినారు. మెషీన్లో కాళీ అనేది నేదు నాన్నా. నింపకపోతే ఆ సోట్లో అంతకుముందు ఏటుందో అదే ఉండిపోతాది. ఒక కార్డు పని అయిపోయినాక, అదే సోట్లో ఇంకో కార్డు పుట్టింది. పేరు మారింది, నెంబరు మారింది. నింపని గడి మాత్రం ముందోడిదే మిగిలిపోనాది. ఏటీ తెలీనప్పుడు సున్నా అని కన్‌స్ట్రక్టర్లో ఒక్క లైను రాయాల. ఆ లైను నాను రాయనేదు."

గవరయ్య నేలమీద చెదిరిన మెతుకులు చూశాడు. ఒకసారి గంధకం దింపిన ఓడలో, అడుగు తుడవకుండా బియ్యం పోశారు. పైనించి చూస్తే తెల్లటి బియ్యమే. తిన్న కూలీలు ముగ్గురు రోజంతా వాంతులు చేసుకున్నారు. ఓడ కడుపు ఖాళీ అని అందరూ అనుకున్నారు. ఖాళీ కడుపు ఉండదు. తుడిచిన కడుపు ఉంటుంది, తుడవని కడుపు ఉంటుంది.

"మరి కూర్మయ్యకి ముందు పుట్టిన కార్డు ఎవులిది?" అన్నాడు.

సింహాచలమ్మ తండ్రి కళ్ళలోకి చూసింది.

"నాలుగొందల పదకొండు."

ఆ టోకెను గవరయ్య మొలతాడుకే కట్టి ఉంది.

"నీ పేరు కూడా ఒచ్చింది నాన్నా. నానే ఆ లైను తీసేసి అచ్చేసినాను. కింద మావ పేరు సూసి, ఆయన కూడా నీతో ఎల్లుంటాడు, జోడీయే కదా అనుకున్నాను. నిన్ను దాసేసి ఆయన్ని వొగ్గేసినాను."

నారాయణమ్మ మొగుడి వైపు చూసింది. కొరికిన చెయ్యి వైపు చూసింది. మెతుకులు ఎత్తడానికి వంగి, వంగినదల్లా అక్కడే కూలబడింది. "ఆడి నోట్లో పళ్ళు రాలగొట్టినావు కదరా," అంది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో మొగుణ్ని రా అనడం అదే మొదలు.

*

గురువారం మధ్యాహ్నం షిఫ్టు దిగి గవరయ్య కూర్మయ్య గదికి వెళ్ళాడు. తవిటమ్మ వాకిట్లో రక్తపుమరకల గుడ్డలు ఉతుకుతోంది.

"రా అన్నా," అంది. "కూకో. టీ పెడతాను. నువ్వు మాత్రం ఏటి సేస్తావు, కట్టుబాటు. జోడీ కొట్టకపోతే జోడీని కొడతారు." నీళ్ళకోసం బిందె తీసుకుని పంపు వైపు వెళ్ళింది.

లోపల మంచం మీద కూర్మయ్య పడుకుని ఉన్నాడు. కుడిచెయ్యి పలకలు వేసి కట్టారు. మోచెయ్యి ఇక మడత పడదని ఆసుపత్రిలో చెప్పారట. దవడ ఉబ్బి, పెదవులు ఊదారంగుకు తిరిగాయి. పై వరసలో మూడు పళ్ళు లేవు.

గవరయ్య మంచం పక్కన గొంతుక్కూర్చున్నాడు. నేల చూస్తూ చెప్పాడు.

"ఆ దినం ఎల్లింది నానే, బావా."

"తెలుసు," అన్నాడు కూర్మయ్య. గాలి ఎక్కువ, మాట తక్కువ.

"ఏటి?"

"జొరంతో తొంగున్నాను కదా. మా గదికి ఏరు దగ్గరే. మూడో నెంబరు వించి ఇనిపించింది. బ్రేకు ఏసేముందు రెండుసార్లు వొదిలి పట్టేవోడివి నువ్వొక్కడివే." ఆగాడు. ఉమ్మి మింగాడు. "పద్దెనిమిదేళ్ళు ఇన్నాను కదా."

గవరయ్య అతని ఎడమచెయ్యి పట్టుకున్నాడు. "తెలిసి కూడా నా పేరు సెప్పకండా దెబ్బలన్నీ తిన్నావా! నా కోసమేనా బావా?"

కూర్మయ్య చెయ్యి లాక్కున్నాడు.

"నీ కోసమేటి? సెప్పబోయినాను. నోరు తెరిసినాను కదా," అన్నాడు. "నువ్వు కొట్టీసినావు."

పంపు దగ్గర బిందె నిండుతున్న చప్పుడు వినిపిస్తోంది. సోమవారం నించీ గవరయ్య తనకి తను ఒకటే చెప్పుకుంటున్నాడు: భయంతో చెయ్యి జారింది, వీపు మీద పడవలసింది నోటి మీద పడింది. చెయ్యి జారలేదు. పద్దెనిమిదేళ్ళు సరుకును బెత్తెడు తేడా లేకుండా దింపిన చెయ్యి అది. ఎక్కడ వెయ్యాలో చూసి అక్కడే వేసింది.

తవిటమ్మ టీ తెచ్చింది. గవరయ్య తాగాడు. నాలిక కాలింది. గ్లాసు కింద పెట్టి బయటికి వచ్చాడు.

*

శుక్రవారం సాయంత్రం యూనియన్ ఆఫీసులో గ్యాంగు మొత్తం గోడవారన కూర్చుంది. బల్ల మీద కూర్మయ్య కొక్కెం, పక్కన సుత్తి. ఒక మూల కంప్యూటరు, దాని ముందు కళ్ళద్దాలతో సింహాచలమ్మ. లేవలేని మొగుడి తరఫున తవిటమ్మ వచ్చి గుమ్మం దగ్గర కొంగు బిగించుకుని నిలబడింది.

అప్పలసూరి సుత్తి అందుకున్నాడు.

"ఆగు సూరన్నా," అన్నాడు గవరయ్య. లేచాడు. "ఆడు కాదు. ఎల్లింది నాను."

బిమల్‌దాకి తెలుగు రాదు. అప్పలసూరి బెంగాలీలో చెప్పాడు. బిమల్‌దా నవ్వి, లేచొచ్చి గవరయ్య భుజం తట్టాడు. జోడీ కోసం నింద నెత్తినేసుకునే మనుషులు ఈ కాలంలో ఇంకా ఉన్నారా అన్నాడు. కూర్చోమన్నాడు. వెనకనించి ఎవరో "గవిరి మావ మనసు బంగారం" అన్నారు. ఇంకొకడు కళ్ళు తుడుచుకున్నాడు.

గవరయ్యకు ఒళ్ళు మండిపోయింది. ఇంతకంటే సోమవారం నాటి కడ్డీ నయం. ఇంకొక్క క్షణం ఊరుకుంటే చాలు. వించి ఉంటుంది, గది ఉంటుంది, పైగా మంచివాడన్న పేరొకటి. కాళ్ళు కూర్చోవడానికి వంగుతున్నాయి కూడా. అతను కూతురి వైపు తిరిగాడు.

"సిమ్మాచెలం. అచ్చెయ్యే."

"నాన్నా..."

"ఆ సున్నా లైను రాసినావా?"

"రాసినాను."

"అయితే అచ్చెయ్యి. అన్ని పేర్లూ."

ఆమె మీట నొక్కింది. ప్రింటరు కీచుమంటూ ఒక్కో వరసా కక్కింది. ఆమె కాగితం చింపి బిమల్‌దా చేతిలో పెట్టి, చీటీల కట్టలోంచి టైమ్‌కీపర్ దగ్గర తండ్రి పెట్టిన సంతకం తీసి చూపించింది. తనేం వదిలేసిందో, ఎవరి పేరు దాచిందో బెంగాలీలో, మళ్ళీ తెలుగులో చెప్పింది. ఏ మాటా మింగలేదు.

బిమల్‌దా రెండుసార్లు చదివాడు. నాలుగు వందల పదకొండు, ఒకటి. నాలుగు వందల పన్నెండు, సున్నా. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మొదటి పట్టీ పై ఆఫీసుకి వెళ్ళిపోయింది, ఇప్పుడు యూనియన్ పరువు తియ్యొద్దు, మీ తెలుగువాళ్ళ గొడవ మీరే తేల్చుకోండి అని సిగరెట్టు ముట్టించుకుని బయటికి నడిచాడు.

ఆయన మెట్లు దిగాక అప్పలసూరి తువ్వాలు పిడికిలికి చుట్టుకున్నాడు. "నా సేత ఉత్తి పుణ్యానికి ఒకడి సెయ్యి ఇరగ్గొట్టించినావురా గవిరిగా," అన్నాడు. పళ్ళు కొరుకుతున్నాడు. మిగతా తొమ్మిదిమందీ లేచారు. గవరయ్య చొక్కా విప్పి బెంచీ మీద పెట్టి, చేతులు కిందికి దించి నిలబడ్డాడు.

వాళ్ళకంటే ముందు తవిటమ్మ వచ్చింది.

ఎడమచేత్తో గవరయ్య జుట్టు పట్టుకుని తల వంచి, కుడిచెయ్యి పిడికిలి చేసి నోటి మీద గుద్దింది. ఇరవై ఏళ్ళు గోనెసంచులు కుట్టిన చెయ్యి. అతని పెదవి చితికింది. రక్తం గడ్డం మీదినించి ఛాతీ మీదికి కారింది.

"నిన్న నా సేతి టీ తాగినావు," అంది.

అప్పలసూరి ముందుకొచ్చాడు. "జరగే తవిటీ. మిగతాది మేం సూసుకుంటాం."

"నువ్వేటి సూసుకుంటావురా?" తవిటమ్మ వాడివైపు తిరిగింది. "నా మొగుడి ఒంటి మీద పదకొండు దెబ్బలు. మొన్న సున్నం రాసి కాపడం పెడతా ఒక్కొక్కటీ లెక్కెట్టినాను. ఒకటి ఈడిది. ఈడు ఒప్పుకున్నాడు. మిగతా పదీ ఎవులివి?"

"కాగితం మీద పేరుంది మరి..."

"కాగితం మీదుంటే? జొరం అని మొత్తుకున్నాడట కదా. పది గడపల అవతల ఉన్నాను. ఒక్క నాకొడుకు ఒచ్చి అడిగినాడా? పొయ్యి మీద కసాయం ఉడుకుతుండగా సూసినోడివి నువ్వు కాదూ?" అని డొక్కలో తన్నిన మూడోవాడి మీదికి వేలు చూపించింది. "సమ్మెనాడు పొద్దుగాల నిప్పు అడగడానికి ఒచ్చినావు. సూసినావు. సూసి కూడా తన్నినావు."

మూడోవాడు తల దించుకున్నాడు.

"సెప్పండ్రా. ఈడు సెప్పినాడు. మీరెప్పుడు సెప్తారు?"

అప్పలసూరి పిడికిలికి చుట్టిన తువ్వాలు వదులైంది. తవిటమ్మ వాడి ఎదురుగా వచ్చి నిలబడింది. ఆమె తల వాడి ఛాతీ దాకా లేదు. వాడు ఒక అడుగు వెనక్కి వేస్తే గోడ తగిలింది. ఆమె మునివేళ్ళ మీద లేచి మరీ కొట్టింది. చెంప పేలిన చప్పుడు గదంతా మోగింది. వాడు చెయ్యి ఎత్తాడు. గాలిలోనే ఆపాడు. దించాడు.

ఆమె మూడోవాడి దగ్గరికి జరిగింది. వాడు తనే తల వంచాడు. కొట్టింది. నాలుగోవాడు సోమవారం లాగే ఏడుస్తున్నాడు. వాణ్నీ కొట్టింది. మనిషికి ఒక్కటి. ఏడోవాడి దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి వాచింది. ఎడమచేత్తో మొదలెట్టింది. ఎవరూ తప్పుకోలేదు. గవరయ్య చొక్కా లేకుండా, కారే రక్తం తుడుచుకోకుండా చూస్తూ నిలబడ్డాడు. పదకొండోవాడు, ఆ రోజు చోటు వెతికి పాదం మీద కొట్టినవాడు, ఆమె రాకముందే మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

వరస అయిపోయింది. తవిటమ్మ రొప్పుతోంది. బల్ల మీది కొక్కెం తీసి చంకలో పెట్టుకుంది. గుమ్మం వైపు తిరిగింది. దారిలో కంప్యూటరు దగ్గర ఆగింది.

తెర మీద పేర్లు ఇంకా వెలుగుతున్నాయి. ఆ అక్షరాలు తవిటమ్మకి చదవడం రాదు. పిల్లని చూసింది.

సింహాచలమ్మ కుర్చీలోంచి లేచింది. కళ్ళద్దాలు తీసి కీబోర్డు మీద పెట్టింది. చేతులు వెనక్కి కట్టుకుని, మొహం ఎత్తి నిలబడింది.